బొగ్గుగని తటాకముపై సౌరవిద్యుత్తు

జర్మనీ దేశమున, బెర్లిను నగరమునకు ఆగ్నేయముగా, పోలండు సరిహద్దునకు చేరువలో కాట్‌బుస్ అను పట్టణమొకటి కలదు. అచటి వీధులలో ఊరి పేరు రెండు భాషలలో వ్రాయబడియుండును: ఒకటి జర్మను, రెండవది సోర్బులను స్వల్పసంఖ్యాక స్లావు జాతివారి భాష. ఈ పట్టణమునకు వెలుపల 1981 మొదలు 2015 డిసెంబరు వరకు లిగ్నైట్ బొగ్గు తవ్విన విశాలమైన గని యుండెను. తవ్వకము ముగిసిన పిదప, 2019 ఏప్రిల్‌లో, స్ప్రే నదీజలమును ఆ గోతిలోనికి మళ్లించుట ఆరంభింపగా, అది నేడు సుమారు 1,900 హెక్టార్ల తటాకమైనది. ఆ తటాకముమీద తేలియాడు సౌరకేంద్రమును నిర్మింపవలెనని గని యాజమాన్యమైన లేయాగ్ సంస్థ సంకల్పించినది. 29 మెగావాట్ల ఆ కేంద్రము ఆక్రమించునది 16 హెక్టార్లు మాత్రమే. అనగా నీటివైశాల్యములో నూటికొక వంతు కూడ కాదు. కొలతకు ఇంత చిన్నదైన ఈ ప్రతిపాదన లేవదీసిన ప్రశ్నలు మాత్రము చిన్నవి కావు. బొగ్గుయుగము విడిచిపోయిన నీరు ఎవరిది? అది ఎన్నటికి కుదుటపడును? ఒకసారి విద్యుత్తుకొరకై ఊళ్లను పోగొట్టుకొన్న చోట మరల విద్యుత్తునకే పీట వేయుట ఏ నియమములతో న్యాయమగును? ఇవి గోదావరిఖనికిని, ఇల్లెందునకును కూడ రానున్న ప్రశ్నలే యగుటచే, విషయమును మొదటినుండి విచారించుట అవసరమని నా తలంపు.

గనితటాకములన్నియు ఒక్క తల్లి బిడ్డలు కావు. కాట్‌బుస్ గనివంటి ఉపరితలగనులలో, మన సింగరేణి కార్మికులు ఓసీలని పిలుచు చోట్ల, బొగ్గుపొరమీది మట్టిని, రాతిని తొలగించి గుట్టలుగా పోసి, భూగర్భజలము గోతిలో ఊరకుండ రేయింబవళ్లు మోటార్లతో తోడిపోయుచు పనిచేయుదురు; ఆ మోటార్లు ఆగిననాటినుండి, అంతవరకు బలవంతముగా క్రిందికి అణచబడియున్న నీరు తన పూర్వస్థానమునకు ఎక్కివచ్చుట మొదలిడును. చైనాలోని హువాయ్‌నాన్ ప్రాంతమున జరిగినది వేరు. అచట బొగ్గును భూగర్భమునందే తవ్వితీసిరి. క్రింది ఆధారము కోల్పోయిన నేల ఏండ్ల తరబడి కొంచెము కొంచెముగా కుంగినది. పొలములును, బాటలును, ఇండ్లును ఉన్నవి ఉన్నట్లుగా దిగబడగా జనులు లేచిపోయిరి, నీరు వచ్చి వారి చోట నిలిచినది. ఆ నీటిపై 2017లో సన్‌గ్రో సంస్థ 40 మెగావాట్ల కేంద్రమును నెలకొల్పినప్పుడు ప్రపంచమున అంతకు మించిన తేలియాడు సౌరకేంద్రము లేదని ప్రఖ్యాతి వచ్చెను. ఆ ఏడే త్రీ గోర్జెస్ సంస్థ అదే ప్రాంతమున 150 మెగావాట్లకు పూనుకొన్నది. నెదర్లాండ్సులోని స్వోలె పట్టణము చెంత, 2020లో 27 మెగావాట్లకు పైబడిన పలకలను పరచిన బోమ్‌హోఫ్స్‌ప్లాస్ తటాకమో, ఇసుక తవ్వగా ఏర్పడినది. దానికి బొగ్గుతో సంబంధమే లేదు. ఈ మూటిని ఒక్క గాటకట్టి, స్వోలెలో సులభముగా జరిగినది గనుక బొగ్గుగోతిలోను జరుగునని వాదించువారు కలరు. అది సరికాదు. పైనుండు పలకలు ఒకే తీరువైనను, నీటి గుణము వేరు, అడుగునేల స్వభావము వేరు, ఆ నేలపై పూర్వమున్న మనుష్యుల కథ వేరు.

నీటిపై పలకలను తేల్చు ఈ విద్యయే మిక్కిలి పిన్నవయస్సుది. జపానులోని ఐచి రాష్ట్రమున 2007లో ఇరువది కిలోవాట్ల పరికరమొకటి ప్రయోగార్థము నీటిపై నిలిపిరి. ఆ వెంటనే కాలిఫోర్నియాలోని నాపా లోయలో ఒక ద్రాక్షతోటవారు తమ సాగునీటికుంటపై పలకలు పరచుకొనిరి. పదియేండ్లు గడుచునప్పటికి కిలోవాట్లు మెగావాట్లయ్యెను. నిర్మాణమును దగ్గరగా పరికించినచో అబ్బురపడదగిన యంత్రమేదియు అందు కానరాదు. మన మిద్దెలపై నీళ్లట్యాంకులను ఏ జాతి ప్లాస్టిక్కుతో చేయుదురో దాదాపు అట్టి దళసరి పాలిథీనుతో ఊదిన బోలుదిమ్మెలు. ఒక్కొక్క దిమ్మెకు మూలలయందు చెవులవంటి కొసలు. ప్రక్కదిమ్మె చెవిని దీనిపై మోపి, రెంటి రంధ్రములగుండ ఒక మరను దూర్చి బిగింతురు. అల వచ్చినప్పుడు ఈ తెప్ప ఒక్క బల్లవలె లేవక, చాపవలె వంగును. ఆ వంపంతయు చెవులమీదనే పడును గనుక, సంవత్సరములు గడిచినకొలది అరుగునవియు, విరుగునవియు అవియే. దిమ్మెలపై ఏటవాలుగా పలకలు, నడుమ నడిచిపోవుటకు బాట, అడుగున లంగరుత్రాళ్లు. త్రాడు మరీ బిగువైనచో నీరు పెరిగినప్పుడు తెగును. మరీ వదులైనచో గాలికి తెప్ప కొట్టుకొనిపోయి గట్టునకు తగులును. ఈ బిగువువదులుల లెక్కయే ఈ శాస్త్రమునకు ప్రాణము. అది తెలియవలెనన్న అడుగుననున్న నేల ఎట్టిదో ముందు తెలియవలెను.

ఇక లాభముల మాట. నీటి చల్లదనముచే పలకలు అధికముగా విద్యుత్తునిచ్చునని ప్రచారమున తరచుగా వినబడును. ఇందు సత్యము కలదు గాని అతిశయము కూడ కలదు. స్ఫటిక సిలికాను పలక వేడి ఒక డిగ్రీ పెరిగినకొలది దాని ఉత్పత్తిలో నూటికి మూడు నాలుగు పదవవంతులు తగ్గును. నీటి సాన్నిధ్యమువలన అయిదారు డిగ్రీలు దిగినచో కలుగు లాభము నూటికి రెండు పాళ్ల చుట్టుపట్టులనే యుండును. రోహిణికార్తె ఎండలో రామగుండమున ఇది విలువైన లాభమే. చలిదేశమైన జర్మనీలో అంత కాదు. ఆవిరి తగ్గుటయు అట్టిదే: మన మెట్టప్రాంతపు జలాశయమునకు అది వరము, నీరు నిండుగానుండు దేశమున లెక్కలో ఒక పంక్తి. నా దృష్టిలో గనితటాకమునకున్న నిజమైన యోగ్యత వేరొకటి. గనియున్నచోట విద్యుత్కేంద్రము, సబ్‌స్టేషను, దేశము నలుమూలలకు పోవు తీగెలు ఇదివరకే కలవు. ఆ తీగెలపై మోయవలసిన బొగ్గువిద్యుత్తు క్రమముగా తగ్గిపోవుచున్నది. క్రొత్తచోట ఒక మెగావాటు సౌరశక్తికి నాలుగైదెకరముల నేల కావలెను. ఆ నేల పలుమారు ఎవరో ఒకరి మేతబీడు, ఎవరో ఒకరి చేను. ఇదివరకే ధ్వంసమైన చోటును వాడుకొని క్రొత్తచోటును కాపాడుట, తీగెలను తిరిగి పనిలో పెట్టుట, ఈ రెండు కారణములే ఈ ప్రతిపాదనలకు గట్టి పునాది.

కాట్‌బుస్‌కు మరలుదము. బొగ్గుకొరకై ఆ పట్టణమున్న లుసేషియా సీమలో తుడిచిపెట్టుకొనిపోయిన పల్లెలు నూటముప్పదికి పైబడినవి. వానిలో అనేకములు సోర్బుల ఊళ్లగుటచే, ఊరుతోబాటు ఇంటిలో మాటాడు భాషయు చెదరిపోయెను. కాట్‌బుస్ గనికి బలియైన వానిలో లాకోమా ఒకటి. ఆ ఊరిని ఆనుకొని తరతరములుగా చేపలు పెంచిన చెరువుల వరుస యుండెను; ఆ చెరువులలో ఎర్రపొట్ట కప్పలు అరుదైన ప్రాణులుగా ప్రసిద్ధి కెక్కినవి. 1980వ దశకమున ఊరివారిని కదలించిరి. పిమ్మట కొందరు వచ్చి ఖాళీయిండ్లలో నివసించి, ఊరిని, చెరువులను కాపాడుటకు చాలకాలము పెనగులాడిరి. తుదకు చెరువులు ఎండగట్టబడెను, కప్పలను పట్టి స్ప్రే నదీతీరమున పునరుద్ధరించిన పల్లపునేలలకు చేర్చిరి. నేడు ఆ ప్రాంతపు ప్రజలకు ఆ తటాకము జలము మాత్రమే కాదు. ఒడ్డున ఓడరేవు, పడవలు, స్నానఘట్టములు, కొత్త పేట వెలయునని నగరము వాగ్దానము చేసిన భవిష్యత్తు. కావుననే నూటికొక వంతు కూడ కాని ఆ 16 హెక్టార్లను ఏ మూలనుంచవలెను, ఒడ్డునుండి చూచువారి కన్నులకు అది ఎట్లుండును అను చర్చ నగరపాలనలో సావధానముగా సాగెను. ఇట్టి చర్చను ఆలస్యమని నిందించువారితో నేనేకీభవింపను. ఒకమారు అడుగక తీసికొన్నవారు రెండవమారు అడిగి తీసికొనుట ఆలస్యము కాదు.

అచటి ఇంజనీర్లు చేసిన పని ఒకటి మెచ్చదగినది. నీరు ఆ భాగమునకు పూర్తిగా ఎక్కకమునుపే, తెప్పలను కట్టివేయుటకు కావలసిన ఉక్కుస్తంభములను నేలలో దింపిరి. నిండిన తటాకములో మునిగి చేయవలసిన కష్టతరమైన పనిని గోయి గోయిగా నుండగానే ముగించిరి. గని మూసివేతను, నీరు నింపుటను, సౌరకేంద్రమును ఒక్క ఆలోచనగా కూర్చినగాని ఈ సౌలభ్యము దొరకదు. మన దేశమున గని మూసివేత పథకము ఒక కార్యాలయములో, సౌరపథకము మరియొక కార్యాలయములో పుట్టుచుండుట చూచినప్పుడు ఈ ఉదాహరణము విలువ తెలియును.

జర్మను శాసనము ఈ విషయమున మిక్కిలి జాగరూకమైనది. 2022లో సవరించిన జలచట్టము ప్రకారము తేలియాడు కేంద్రములను మానవనిర్మితములైన, లేక మనుష్యుని చేతిలో గాఢముగా మార్పుచెందిన జలాశయములపైననే అనుమతింతురు. అవి నీటివైశాల్యములో నూటికి పదునైదు పాళ్లు మించరాదు. ఒడ్డునుండి నలువది మీటర్లైనను దూరముండవలెను. ఈ హద్దులు పరిశ్రమకు సంకెళ్లని ఆక్షేపణ లేకపోలేదు. కాని హద్దు లేకున్నను కాగితముమీది శక్తికిని, నీటిమీదికి దింపదగిన శక్తికిని ఎంత అంతరమున్నదో ఫ్రౌన్‌హోఫర్ పరిశోధనసంస్థవారి గణన చెప్పుచున్నది: జర్మనీలోని లిగ్నైటు గనితటాకములన్నిటిపై సాంకేతికముగా 56 గిగావాట్లకు తావున్నదనియు, విహారము, ప్రకృతిరక్షణ మొదలైన అవసరములను మినహాయించినచో అది 2.74 గిగావాట్లకు దిగుననియు వారు తేల్చిరి. ఇరువదింటికొక వంతు. మన దేశమున ఏ జలాశయముపై ఎన్ని గిగావాట్లని ఉత్సాహముతో ప్రకటనలు వెలువడునప్పుడు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన పెట్టుకొని చదువుట మేలు.

ఇప్పుడు నీటి అడుగునకు దిగుదము. ఏలయన నాకు ఈ సమస్యయందు సర్వప్రధానముగా తోచునది అదియే. బొగ్గుపొరల నడుమ ఇనుమును గంధకమును కలిసిన పైరైటను ఖనిజముండును. కోట్ల ఏండ్లు గాలి సోకక నిద్రించిన ఈ ఖనిజమునకు తవ్వకముచే గాలి తగులును. పిదప నీరు వచ్చి చేరగా అది కరగి, నీటిని ఆమ్లముగాను, ఇనుముతోడను సల్ఫేటుతోడను బరువైనదిగాను చేయును. లుసేషియాలో స్ప్రే నది కొన్నిచోట్ల తుప్పురంగున పారుట కందరెరిగిన కారణమిదియే. అనేక తటాకములలో ఏండ్ల తరబడి సున్నము చల్లి నీటిని సరిచేయవలసివచ్చినది. అట్టి నీటిలో ఉక్కుకును, గొలుసులకును, కేబులు జాయింట్లకును ఆయువు తక్కువ. గోదావరి లోయబొగ్గున గంధకము స్వల్పమగుటచే మనకీ బాధ అంత తీవ్రము కాకపోవచ్చును. అయినను ప్రతి గోతి నీటిని పరీక్షింపక ఊహతో నిర్ణయించుట తగదు.

ఆమ్లముకంటె భయంకరమైనది గట్టు. గోతి అంచులనుండు నేల అధికభాగము తవ్విపోసిన వదులుమట్టి; నీరు లోపలినుండి ఎక్కివచ్చునప్పుడు ఆ మట్టిరేణువుల మధ్య పట్టు తప్పి, గట్టునకు గట్టే ద్రవమువలె జారిపోవుట కలదు. 2009 జులై 18వ తేదీని జర్మనీలోని నాఖ్టర్‌ష్టెట్ గ్రామమున, పాతగనిని నింపుచున్న తటాకములోనికి ఒడ్డు విరిగి, దానిపైనున్న యిండ్లతో సహా జారిపోయెను. ముగ్గురు ప్రాణములు కోల్పోయిరి. ఇట్టి చోట గట్టున లంగరు వేయుట ఎట్లు? అడుగున లంగరుబరువులు దింపుట ఎట్లు? హువాయ్‌నాన్‌వంటి చోట నేల కుంగుట ఆగినదని ఎవరు నిశ్చయింపవలెను? విద్యుత్ ఇంజనీరుకంటె ముందు భూగర్భశాస్త్రజ్ఞుడు సంతకము చేయవలసిన పని ఇది.

గాలి మాటయు మరువరాదు. జపానులోని యమకురా జలాశయముపై 13.7 మెగావాట్ల కేంద్రము 2018లో వెలసినది. మరుసటి సంవత్సరము సెప్టెంబరులో వచ్చిన ఫాక్సై తుపానుకు లంగరులు తెగి, పలకలు ఒకదానిపై నొకటి కుప్పపడి, నీటి నడుమనే నిప్పంటుకొన్నది. మన దేశమున 2024 ఏప్రిల్‌లో ఓంకారేశ్వర్ జలాశయముపైని కేంద్రము వేసవి గాలివానకు దెబ్బతిన్నది. తుపాను కూడ కాదు, ఏటేట మామిడికాయలు రాల్చు గాలివాన!

నీటిలోని ప్రాణుల విషయమై శాస్త్రజ్ఞుల తీర్పు ఇంకను పూర్తికాలేదు. నీడపడుటచే నాచు తగ్గును, అది కొన్ని చెరువులకు మేలు. కాని వెలుతురులేనిచోట ప్రాణవాయువు కూడ తగ్గును. అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయమువారు చిన్నకుంటలను నూటికి డెబ్బదిపాళ్లు పలకలతో కప్పి చూడగా, వాతావరణమును వేడెక్కించు వాయువులు కుంటనుండి వెలువడుట నాలుగవవంతుకు మించి పెరిగినది. లోతైన గనితటాకమున ఒక శాతము కప్పుటకును, లోతులేని కుంటను మూడువంతులదాక కప్పుటకును సామ్యము లేదు. ఎంత కప్పవలెనను ప్రశ్నకు జవాబు కప్పవలెనా వద్దా అను ప్రశ్నకంటె ముఖ్యమని మాత్రము ఈ ప్రయోగము తెలుపుచున్నది.

ఇక మన యింటికి వత్తము. నీటిపై సౌరకేంద్రమును కన్నులార చూడదలచిన తెలుగువారికి జర్మనీ పోనక్కరలేదు. రామగుండమున ఎన్‌టీపీసీ జలాశయముపై 100 మెగావాట్ల కేంద్రము 2022 జులై 1వ తేదీకి సంపూర్ణముగా పనిలోనికి వచ్చినది. అంతకు ముందటేడు విశాఖ చెంత సింహాద్రిలో 25 మెగావాట్ల కేంద్రము వెలసినది. రామగుండపు కేంద్రము బీహెచ్ఈఎల్ చేతిలో 423 కోట్ల రూపాయల వ్యయముతో, 500 ఎకరముల నీటిపై నిర్మితమైనది. రెండున్నర మెగావాట్ల భాగములు నలువది. ఒక్కొక్క భాగమున 11,200 పలకలు. ఇన్వర్టరును, ట్రాన్స్‌ఫార్మరును గట్టునుంచక, ఫెర్రోసిమెంటుతో చేసిన తేలుడుదిమ్మెపైననే నిలిపి, నీటి అడుగున కాంక్రీటు బరువులకు త్రాళ్లతో బంధించుట దీని విశేషము. కట్టమీద నిలిచి చూచినచో నల్లని చాపలు పరచినట్లు పలకలు, వాని నడుమ తెప్పపై ఒంటరిగా కూర్చున్న ట్రాన్స్‌ఫార్మరు, దూరమున థర్మల్ కేంద్రపు పొగగొట్టములు ఒక్క చూపులో ఇముడును. ఏటికి 32.5 లక్షల ఘనమీటర్ల నీరు ఆవిరికాక మిగులునని అంచనా.

కాని ఇది గనితటాకము కాదు. గట్టు గట్టిగా కట్టిన, నీటిమట్టము మనుష్యుని చేతిలోనున్న జలాశయము. సింగరేణి సంస్థ జైపూరులోని తన థర్మల్ కేంద్రపు జలాశయముపై నిలిపినదియు అట్టిదే. వీనినుండి గనిగోతికి వేయవలసిన అడుగు చూచుటకు దగ్గర, వేయుటకు దూరము. గోదావరిఖని పరిసరములలో ఓసీ గుంతను అంచుననుండి చూచినవారికి తెలియును: మెట్లుమెట్లుగా దిగు రాతిబెంచీలు, డంపర్లు తిరిగి తిరిగి నలిగిన హాల్‌రోడ్డు నీటిలోనికి దిగి కనబడకపోవుట, అడుగున పచ్చనీలపు నీరు, ఎదుట తుమ్మచెట్లు మొలచిన మట్టిగుట్టలు. ఇట్టి గుంతలలో ఒకటైన మేడిపల్లి ఓసీలో పంప్డ్ స్టోరేజి కేంద్రమును నెలకొల్పు ఆలోచన సాగుచున్నది. పగటి సౌరశక్తితో నీటిని పైకెత్తి, రాత్రి దించి విద్యుత్తు తీయుట ఉత్తమమైన యోచనయే. కాని ఆ నీటిమట్టము ప్రతిదినము లేచి పడుచుండగా, దానిపై తేలు తెప్పల లంగరుత్రాళ్లు ఎట్లు ఇమడును? ఒక్క గుంతకు రెండు పథకములను వేర్వేరుగా ప్రకటించుటకు ముందు ఈ ప్రశ్నకు జవాబు కావలెను. చేపల సంగతియు అంతే. ఛత్తీస్‌గఢ్‌లోని బిష్రాంపూర్ పాతక్వారీయైన కేనాపారాలో చేపల పెంపకము, పడవవిహారము చుట్టుపట్టుల జనులకు జీవనోపాధియైనవి. నీరు నిలిచినచోట వలవేయు హక్కు మత్స్య సహకార సంఘమునకుండవలెనన్నది మన పల్లెలలో సహజమైన కోరిక. పలకలచుట్టు కంచెకట్టి, కావలివానిని నిలిపి ఆ కోరికను త్రోసిపుచ్చుట సులభము, మంచిది కాదు.

సింగరేణిసీమలో బొగ్గుతవ్వకము 1889లో ఇల్లెందున మొదలైనది. ఉపరితలగనులు 1975 తరువాతనే వచ్చినవి. భూగర్భగని కాలమున ఊరు పైన, పని క్రింద. ఓసీ వచ్చిన తరువాత ఊరే లేచిపోవలసివచ్చెను. భూమికి పరిహారము ముట్టినది గనుక హక్కు తీరినదని చట్టము చెప్పవచ్చును. బొగ్గు తీయుటకని తీసికొన్న నేల, బొగ్గు తీరిన తరువాత మరియొక శతాబ్దము సూర్యరశ్మిని అమ్ముకొనుటకు పనికివచ్చునని ఆనాడు పరిహారము లెక్కకట్టినవారికి తెలియదు. పుచ్చుకొన్నవారికి అంతకంటె తెలియదు. కావున ఆ నిర్వాసితుల కుటుంబములకు, కనీసము తెప్పలు కట్టుట, పలకలు కడుగుట, కావలికాయుట వంటి పనులలో మొదటి పిలుపును, అమ్మిన ప్రతి యూనిటుపై ఒక చిన్న వాటాను పథకములోనే వ్రాసి యుంచుట దానము కాదు, లెక్క సరిచేయుట.

ఇందుకు చేయవలసిన మొదటి పని మిక్కిలి చిన్నది. సౌరకేంద్రపు నక్షాలో నీటిపైనుండు భాగములకు ఒకటి, రెండు, మూడని అంకెలుండును. ఆ గుంతకు పూర్వము అదే చోటికి రెవెన్యూ నక్షా యుండెను. అందు సర్వే నంబర్లు, గట్లు, బాట, చెరువు, ఊరి గుడి అన్నియు కలవు. ఆ నక్షాలు నేటికిని మండల కార్యాలయములలో దొరకును. పలుచని కాగితముపై పాతదానిని గీసి, కొత్తదానిపై పరచి, ఏ భాగము క్రింద ఎవరి సర్వే నంబరు మునిగియున్నదో ఆ పట్టికను ప్రతిపాదనపత్రపు మొదటి పుటలో చేర్చవలెను. గ్రామసభలో చదువవలసినది ఆ పుటయే.